ఆయన పేరు మీద నా గుండె

ఆయన ఛాతీ మీద వెంట్రుకలు గీసే పని కూడా నా వాటాకే వచ్చింది. సాయంత్రం గుండెకు మెషిన్ తగిలిస్తాం, బిళ్ళలు బాగా అంటుకోవాలి, ఇంట్లోనే శుభ్రంగా గీసుకుని రండి అని ఆసుపత్రిలో చెప్పి పంపారు. ఆయన స్నానాలగదిలో స్టూలు మీద కూర్చుని, చొక్కా విప్పి, కళ్ళు మూసుకుని “ఊఁ, కానీ” అన్నారు. నేను నురగ రాసి, ఎడమ పక్క చర్మాన్ని వేలితో లాగిపట్టి గీస్తుంటే, “జాగ్రత్త, అక్కడే గుండె ఉంది” అని హెచ్చరించారు. గుండె అక్కడ కాదు, ఛాతీ మధ్యలో ఉంటుంది, దాని మొన మాత్రమే ఎడమకు వాలి ఉంటుంది. ఏళ్ళ తరబడి కాలేజీలో పిల్లలకు నేను చెప్పే పాఠమే అది. చేతిలో రేజరు పెట్టుకుని వాదనకు దిగడం బాగుండదని ఊరుకున్నాను.

అప్పుడు నాలో ఏముందో ఉన్నదున్నట్టు చెబుతాను. భయం లేదు. జాలి కొంచెం ఉందేమో, వెతకాలి. ఉన్నదల్లా కుళ్ళు. గొంతుదాకా కుళ్ళు. కట్టుకున్నవాడి జబ్బు చూసి ఏడ్చే ఆడవాళ్ళు లోకంలో చాలామంది ఉంటారు. ఆ జబ్బు నాకు రాలేదే అని ఏడ్చింది మాత్రం నేనొక్కదాన్నే అయ్యుంటాను.

జరిగింది చెప్పుకుంటే ఎంతో లేదు. ఆదివారం పొద్దున షటిల్ ఆడుతూ ఆయనకు కళ్ళు తిరిగాయి. పడిపోలేదు, గోడ పట్టుకుని కూర్చున్నారు, అంతే. స్నేహితులు ముగ్గురు కారులో తెచ్చి సోఫాలో దించారు. అత్తయ్య వచ్చి కొడుకు చెయ్యి పట్టుకుని కూర్చుంటే, మళ్ళీ కాఫీ వేళదాకా వదల్లేదు. ఆయన అక్క, అంటే మా వదిన, బట్టల సంచీతో సహా దిగిపోయింది. ఆఫీసు నుంచి పెద్దాయనే స్వయంగా ఫోను చేసి “మీరు కదలకండి, ఇక్కడ మేం చూసుకుంటాం” అన్నాడట. ఎలా ఉంది, ఇప్పుడెలా ఉంది, నిద్రపట్టిందా, ఛాతీలో ఏమైనా ఉందా అని అడిగేవాళ్ళు అడుగుతూనే ఉన్నారు. ఆ అడిగేవాళ్ళందరికీ టీలు పెట్టింది నేను. దిళ్ళు సర్దడం, ఉప్పు లేకుండా వండిపెట్టడం, ఉప్పు లేదని ఆయన విసిరికొడితే మళ్ళీ వండడం కూడా నేనే.

గుండె డాక్టరు ఈసీజీ కాగితం చూసి, “పైనుంచి వచ్చే కరెంటు మధ్యలో కాస్త ఎక్కువసేపు ఆగి కిందికి దిగుతోంది. పెద్ద విషయం కాకపోవచ్చు. ఒక రాత్రీ పగలూ రికార్డు చేసి చూద్దాం” అన్నాడు. కరెంటు అనే మాటతో ఇల్లంతా బెదిరిపోయింది.

“వాడి గుండెలో కరెంటేమిటమ్మా, ఎక్కడైనా షాక్ కొడుతుందా?” అన్నారు అత్తయ్య.

“అందరి గుండెలోనూ ఉంటుంది అత్తయ్యా. దాంతోనే కొట్టుకుంటుంది. మీకూ ఉంది, నాకూ ఉంది.”

“నేను వాడి సంగతి అడుగుతుంటే మధ్యలో నీ సంగతెందుకు?” అన్నారు.

నిజమే, నా సంగతి ఎందుకు. నేను పిల్లలకు చెప్పే సంగతే చెబుతాను. గుండె కుడి కర్ణిక పైమూలలో చిన్న కండరపు ముద్ద ఒకటుంది. పుస్తకంలో దాన్ని సిరాకర్ణికా కణుపు అంటారు, లయారంభకం అనే బిరుదు కూడా ఉంది. ఎవరూ చెప్పకుండానే అది తనంతట తాను మెరుస్తుంది. ఆ మెరుపు పైగదులు రెండింటి మీదా పాకి, అవి ముడుచుకున్నాక, కింది గదుల గుమ్మం దగ్గర ఇంకో కణుపును చేరుతుంది. ఈ రెండో కణుపు దాన్ని వెంటనే పంపదు. కాస్త ఆపుతుంది. పైగదుల రక్తం పూర్తిగా కిందికి దిగేదాకా ఆపి, అప్పుడు హిస్ కట్ట అనే తీగలోకి వదులుతుంది. తీగ రెండుగా చీలి, పర్కింజీ తంతువులుగా విడిపోయి, కింది గదుల గోడలంతటా అల్లుకుంటుంది. అవి ఒక్కసారిగా ముడుచుకుంటాయి, ఒంటికి రక్తం అందుతుంది. ఇందులో నాకు ఇష్టమైంది ఆ రెండో కణుపే. అది ఆ కాసేపూ ఆగకపోతే కింది గదులు ఖాళీగానే కొట్టుకుంటాయి. కానీ పరీక్షలో దాని గురించి ఎవరూ అడగరు. ఎప్పుడు చూసినా లయారంభకం మీదే ప్రశ్న.

నా గుండెలో తేడా ఆ రెండో కణుపు దగ్గరే అని చాలాకాలంగా నా అనుమానం. కిందికి దిగాల్సిన కరెంటు అక్కడే ఒక పక్కదారి పట్టి, వెనక్కి వచ్చి, మళ్ళీ అదే దారిన పడి గిరగిరా తిరుగుతుందనుకుంటాను. వంగినప్పుడు వస్తుంది. మంచం కింద ఊడుస్తుంటేనో, వాషింగ్ మెషిన్‌లోంచి తడిబట్టలు లాగుతుంటేనో, ఉన్నట్టుండి గొంతులో పావురం రెక్కలు కొట్టుకున్నట్టు మొదలవుతుంది. ఛాతీ, మెడ, చెవులు అన్నీ అదే పాట. కాళ్ళలో బలం ఉండదు. కాసేపటికి ఎవరో స్విచ్ ఆపేసినట్టు ఠక్కున ఆగిపోతుంది. మొదటిసారి ఆయనకు ఇలాగే చెప్పాను, గొంతులో పావురం అని. “ఇవాళ పావురం అంటున్నావు, రేపు నెమలి అంటావు” అని నవ్వి టీవీ పెట్టుకున్నారు.

ఆసుపత్రికి వెళ్ళకపోలేదు, వెళ్ళాను. ఆటో దొరికి, చీటీ రాయించుకుని, నా వంతు వచ్చి, బల్ల మీద పడుకునేసరికి పావురం ఎగిరిపోయి ఉండేది. కాగితం మీద గీతలు కొత్త దువ్వెన పళ్ళలా తీరుగా వచ్చేవి. “బ్రహ్మాండంగా ఉంది మీ గుండె. పరీక్షల సీజనా? టెన్షన్ తగ్గించుకోండి, కాస్త విశ్రాంతి తీసుకోండి” అనేవాడు అక్కడి డాక్టరు. విశ్రాంతి అన్న మాట డాక్టరు నోట్లో ఉండగానే ఈయన “సాయంత్రం మా ఆఫీసువాళ్ళు ఆరుగురు భోజనానికి వస్తున్నారు, గుర్తుందిగా?” అన్న రోజు కూడా ఉంది. ఒకసారి ఇంటినిండా చుట్టాలు ఉన్నప్పుడు వంటింటి గట్టు పట్టుకుని కూలబడితే, “మా మరదలికి పని కనిపించిందంటే చాలు, దడ వచ్చేస్తుంది” అంది వదిన. అందరూ నవ్వారు. గట్టు పట్టుకునే నేనూ నవ్వాను, అదింకా సిగ్గుచేటు. ఎప్పుడూ ఒంటి మీదే ఉండి రికార్డు చేసే మెషిన్ ఉంటుందట, ఒక్కసారి పెట్టించుకుంటానని అడిగాను కూడా. “నడుముకు డబ్బా కట్టుకుని కాలేజీకి పోతావా? నలుగురూ ఏమనుకుంటారు?” అన్నారు ఆయన. ఆ నలుగురూ ఎవరో నేనెప్పుడూ చూడలేదు. ఆయన షటిల్ మానేసి సోఫా ఎక్కినప్పుడు వాళ్ళు రాలేదు.

ఆ మెషిన్‌నే ఆ సాయంత్రం ఆయనకు తగిలించారు. అగ్గిపెట్టెకు అన్నయ్యంత ఉంది. రంగురంగుల తీగలు, ఒక్కో తీగ చివర ఒక్కో జిగురుబిళ్ళ. టెక్నీషియన్ అమ్మాయి ఒక్కో బిళ్ళా అంటించి, వేళ్ళతో మెల్లగా నొక్కుతూ “చల్లగా ఉందా సార్? గట్టిగా లాగుతోందా సార్?” అని అడుగుతుంటే, ఆయన పాలు తాగిన పిల్లిలా కూర్చున్నారు. నాకు ఆ అమ్మాయి మీద కుళ్ళు రాలేదు. వచ్చింది ఆ డబ్బా మీద. రేపు సాయంత్రందాకా ఆయన లోపల ఏం జరిగినా, తింటున్నా నడుస్తున్నా గురకపెడుతున్నా, అది అడ్డం రాకుండా, నవ్వకుండా, నమ్మి రాసుకుంటూ ఉంటుంది. నా ఒంటిని అలా విన్నవాళ్ళు ఒక్కరైనా ఉన్నారా అని వెతుక్కున్నాను. మా అమ్మ ఉండి ఉంటుంది, నేను కడుపులో ఉన్నప్పుడు. “బిళ్ళ ఊడితే భయపడకండి మేడమ్, ఏ రంగు ఎక్కడో చూసుకుని మళ్ళీ అంటించండి చాలు” అని ఆ అమ్మాయి ఒక కవరులో విడి బిళ్ళలు నా చేతికిచ్చింది. అంటించే పని కూడా నాదేనని ఆమెకెలా తెలుసో.

మర్నాడు పొద్దున ఆయన స్నానానికి పోతూ ఆ బిళ్ళలన్నీ పరపరా పీకేశారు. “రాత్రంతా పెట్టుకున్నాను, చాల్లే. దురద పుడుతోంది. ఆఫీసులో ముఖ్యమైన మీటింగుంది, ఈ తీగలేసుకుని కూర్చోమంటావా? సాయంత్రం ఇచ్చేముందు మళ్ళీ అంటించేద్దాం, వాళ్ళకేం తెలుస్తుంది? అమ్మకు చెప్పకు, కంగారుపడుతుంది” అన్నారు. కదలకండి అన్న ఆఫీసుకే ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళిపోయారు. డబ్బా మంచం మీద పడి ఉంది. దాని మీద చిన్న ఆకుపచ్చ దీపం ఇంకా మెరుస్తూనే ఉంది. వినడానికి ఎవరూ లేకపోయినా వింటూనే ఉంది.

నేను ఆలోచించానని చెబితే అబద్ధం. తలుపు గడియపెట్టి, అద్దం ముందు నిలబడి, కవరులోని కొత్త బిళ్ళలు తీసి, రంగు చూసి రంగు, ఒక్కొక్కటీ అంటించుకున్నాను. చల్లగా ఉన్నాయి. అంటించుకుంటూ నన్ను నేనే “చల్లగా ఉందా మేడమ్?” అని అడిగాను. నవ్వొచ్చింది, దాని వెంటే ఏడుపూ వచ్చింది. డబ్బా నడుముకు కట్టుకుని, వదులు కుర్తా వేసుకుని, కాలేజీకి వెళ్ళగానే పైన ల్యాబు కోటు తొడుక్కున్నాను. నలుగురిలో ఒక్కరు కూడా ఏమీ అనుకోలేదు.

పొద్దుటి క్లాసులన్నీ అయిపోయాయి. రావే తల్లీ ఇవాళైనా రా అనుకుంటే ఒక్క పావురమూ రాలేదు. నన్ను పరిహసించడానికి నా గుండె కూడా వాళ్ళతో కలిసిందనుకున్నాను. మధ్యాహ్నం కాలేజీకి తనిఖీ అధికారులు వచ్చారు. జంతుశాస్త్రం విభాగం గురించి మాట్లాడడానికి పిలుస్తారేమోనని నా కాగితాలు సర్దుకున్నాను. ప్రిన్సిపాల్ గారు పిలవనే పిలిచారు. “మేడమ్, టీలు కాస్త మీరు చూసుకోండి. మీరైతే ఇంట్లోలా బాగా చేస్తారు. విభాగం గురించి మన జూనియర్ కుర్రాడు మాట్లాడతాడు లెండి, వాడికి ఇంగ్లీషు ధారాళం” అన్నారు. ఆ జూనియర్‌కు గుండె పాఠం నేర్పింది నేను. తన మొదటి క్లాసుకు ముందు రోజు నా పక్కన కూర్చుని, కర్ణిక ఏది జఠరిక ఏది అని అడిగి రాసుకున్నాడు. తలుపు సందులోంచి చూస్తే బోర్డు మీద నేను గీసినట్టే గీస్తున్నాడు, నేను ఆగే చోటే ఆగుతున్నాడు. వాడి మీద వచ్చిన కుళ్ళుకు నా చేతిలో ట్రే ఒరిగింది. కప్పులు రెండు జారి బల్ల కిందకు దొర్లాయి. వాటిని ఏరడానికి వంగాను.

వచ్చేసింది. గొంతులో, మెడలో, చెవుల్లో. బల్ల కాలు పట్టుకుని ఆ నేల మీదే కూర్చుండిపోయాను. చెమటలు పట్టాయి, కళ్ళముందు నలకలు ఆడుతున్నాయి, అయినా నా పెదవుల మీద నవ్వు. జీవితంలో మొదటిసారి దాన్ని ఆపాలని చూడలేదు. ఊపిరి బిగపట్టలేదు, చన్నీళ్ళు తాగలేదు. కానీ, ఇంకా కానీ, గట్టిగా కొట్టుకో, దాచుకోకు, వింటున్నారు అన్నాను. ల్యాబు కోటు మీంచి చెయ్యి పెట్టి డబ్బాను తడిమాను. అది వెచ్చగా ఉంది. లోపలినుంచి “మేడమ్, టీ ఏమైంది?” అని కేక వినిపించింది. వస్తోంది అన్నాను. ఎంతసేపు కొట్టుకుందో తెలియదు, ఎప్పటిలాగే ఠక్కున ఆగింది. లేచి, కప్పులు కడిగి, టీలు ఇచ్చాను.

సాయంత్రం ఆ బిళ్ళలు తీసి, మళ్ళీ ఆయన ఛాతీకి అంటించాను. నా ఒంటి వెచ్చదనం ఇంకా వాటికి ఉంది, ఆయన గమనించలేదు. ఆసుపత్రిలో ఆ అమ్మాయికి చెవిలో చెప్పేద్దామనే అనుకున్నాను. ఈలోగా ఆయన “నువ్వు మందుల కొట్టు దగ్గర వరసలో నిలబడు, అమ్మ బీపీ మాత్రలు అయిపోయాయి” అన్నారు. నేను తిరిగొచ్చేసరికి డబ్బా ఇచ్చేసి కారెక్కి హారన్ కొడుతున్నారు.

మర్నాడు పొద్దునే ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. సార్ రికార్డింగులో తేడా ఉంది, దడ చాలా వేగంగా వచ్చిన ముక్క ఒకటి ఉంది, సాయంత్రం డాక్టరుగారు తప్పకుండా రమ్మన్నారు, అప్పటిదాకా మెట్లు ఎక్కవద్దు, బరువులు ఎత్తవద్దు అన్నారు. ఫోను అత్తయ్య ఎత్తారు. రిసీవరు చేతిలో పట్టుకునే అదంతా మాకు అప్పజెప్పి, గోడకు జారగిలబడ్డారు. వదిన ఏడ్చేసింది. “నా తమ్ముడు నోరు తెరిచి చెప్పే రకం కాదమ్మా, అన్నీ లోపలే దాచుకుంటాడు” అని వెక్కుతూ ఆయన వీపు నిమిరింది.

నేను కూర తరుగుతున్నాను. కత్తి పక్కన పెట్టి చెప్పేయాల్సిన క్షణం అదే. చెప్పబోయాను కూడా. అప్పుడు ఆయన మాట్లాడారు.

“నిజమే అక్కా. ఆ రాత్రి నాకు అనిపించింది. నిద్రలో ఉన్నట్టుండి మెలకువ వచ్చింది. ఎలా చెప్పాలి... ఇక్కడ, గొంతులో, పావురం రెక్కలు కొట్టుకున్నట్టు...”

“పావురమా!” అని అత్తయ్య గుండె మీద చెయ్యేసుకున్నారు. “అయ్యో నాయనా, పావురమా!”

ఆయన అబద్ధమాడుతున్నట్టు లేరు, అదే నన్ను నిలువునా కాల్చింది. నిజంగానే గుర్తొచ్చినట్టు, కళ్ళు చికిలించి, చెయ్యి గొంతు మీద పెట్టుకుని చెబుతున్నారు. నా మాటే, నా పావురమే. నేను చెప్పినప్పుడు అది నవ్వులాట. ఆయన నోటినుంచి వస్తే వదిన ముక్కు చీదుకుంటూ ఆయనకు దిండు సర్దుతోంది. ఇన్నాళ్ళూ ఆయన నా మాట వినలేదనుకున్నాను. విన్నారు. తనకు పనికొచ్చే రోజుకు దాచిపెట్టుకున్నారు. కత్తి మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను. చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదంటే, చూడాలనిపించింది. నా గుండెకు ఎంత మర్యాద జరుగుతుందో ఒక్క పూటైనా చూడాలనిపించింది. ఆ పగలంతా నా గుండె సోఫాలో కాళ్ళు చాపుకుని పళ్ళరసం తాగింది. నా గుండె కోసం ఫోన్లు మోగాయి. నా గుండెకు ఎండ తగులుతోందని వదిన పరుగెత్తి కర్టెను లాగింది. గట్టిగా మాట్లాడకండి, వాడికి దడ వస్తుంది అని అత్తయ్య నా గిన్నెల చప్పుడును కూడా కసిరారు. కుళ్ళులో చాలా రకాలు చూశాను, పక్కింటి ఆవిడ తీరికను చూసి, తోటి లేడీ లెక్చరర్ ప్రమోషన్‌ను చూసి, ఆయన నిద్రను చూసి. నా గుండెను చూసి నేనే కుళ్ళుకోవడం మాత్రం అదే మొదలు. అదే గుండె, నిన్న మధ్యాహ్నం బల్ల కింద కొట్టుకున్నదే. ఇల్లు మారగానే దాని బతుకు మారిపోయింది. నా ఛాతీలో ఉన్నంతకాలం అది టెన్షన్, ఆయన ఛాతీలోకి వెళితే ప్రాణం. సాయంత్రం అవుతున్నకొద్దీ భయం కూడా మొదలైంది. ఈ రికార్డు చూసి ఆయనకు మందు వేస్తే ఏమవుతుంది? అసలే నెమ్మదిగా దిగే కరెంటు ఆయనది. ఇంత కుళ్ళు ఉన్నా ఆయన చావు నాకు అక్కర్లేదు. డాక్టరు గదిలో చెబుతాను, ఆయన ముందే చెబుతాను అనుకుని బయల్దేరాను.

గదిలో రోగికి ఒకే కుర్చీ. ఆయన కూర్చున్నారు. పక్కన గోడవారగా ఉన్న బెంచీ మీద అత్తయ్య, వదిన కూర్చున్నారు. ఫైలూ నీళ్ళసీసా పట్టుకుని నేను నిలబడ్డాను.

“విచిత్రంగా ఉందండీ” అన్నాడు డాక్టరు, తెర మావైపు తిప్పుతూ. “రాత్రంతా నెమ్మదిగా, అక్కడక్కడ కొంచెం ఆలస్యంగా నడిచింది. పగలు చూస్తే వేరే మనిషిలా ఉంది. ఇదిగో, మధ్యాహ్నం, ఉన్నట్టుండి ఇలా. ఆ వేళకు ఏం చేస్తున్నారు మీరు?”

తెర మీద గీతలు ఒకదాన్నొకటి తోసుకుంటూ పరుగెత్తుతున్నాయి. మొదటిసారి చూశాను దాన్ని. ఇన్నేళ్ళుగా చెబుతుంటే ఎవరూ నమ్మనిది అక్కడ, అందరి ముందూ, గీతగా ఉంది. నా అనుమానమే నిజం. సన్నటి గీతలు, ఒకే ఎడం, రెండో కణుపు దగ్గర గిరగిరా తిరిగితే ఎలా రావాలో అలాగే. కన్నపిల్లను మొదటిసారి చూసినట్టు కళ్ళార్పకుండా చూశాను.

“మధ్యాహ్నమా?” అన్నారు ఆయన. ముఖంలో నెత్తురు లేదు. “రాత్రి కదండీ వచ్చింది?”

“రాత్రి ఏమీ లేదండీ. మధ్యాహ్నమే. మధ్యలో మెషిన్ ఏమైనా తీశారా?”

“అబ్బే, లేదండీ.”

“ఒక్క క్షణం కూడా తియ్యలేదు డాక్టరుగారూ” అన్నారు అత్తయ్య. “మావాడు అలా చెప్పినమాట విననివాడు కాదు.”

“అయితే ఇది నిజమైన దడే. దీనికి మందు వేస్తే, మామూలప్పుడు నెమ్మదిగా ఉన్న నడక ఇంకా నెమ్మదిస్తుంది. అందుకని ముందు పేస్‌మేకర్ పెట్టి, తర్వాత మందు మొదలుపెట్టడం క్షేమం. రేపే చేరిపోండి.”

వదిన గట్టిగా ఊపిరి పీల్చింది. అత్తయ్య కొంగు నోట్లో కుక్కుకున్నారు. ఆయన నావైపు తిరిగారు. డబ్బా మంచం మీద వదిలేసి వెళ్ళిన పొద్దు ఆయన కళ్ళలో తిరుగుతోంది. ఆ తర్వాత నేనేం చేశానో మాత్రం ఇంకా ఊహకు అందలేదు. నేనూ చేయగలిగిందొకటి ఉంటుందని ఎప్పుడనుకున్నారు గనుక. ఆ చూపు నాకు బాగా తెలుసు. ఎక్కడ ఏది ఒలికినా నావైపు చూసే చూపు, తుడిచెయ్ అనే చూపు.

“ఇది మెషిన్ తప్పండీ” అన్నారు డాక్టరుతో. “తీగ ఊడి ఉంటుంది. ఆ ముక్క పనికిరాదు, కొట్టేసి మళ్ళీ పెట్టండి. మా ఆవిడ సైన్సు లెక్చరరు, కావాలంటే అడగండి. నువ్వు చెప్పవోయ్, తీగ ఊడింది కదూ నిన్న మధ్యాహ్నం?”

పెళ్ళయ్యాక సైన్సు గురించి ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది. డాక్టరు కూడా తలెత్తి నావైపు చూశాడు. “ఊడి ఉంటే చెప్పండి మేడమ్. అనవసరంగా ఆయన గుండె మీద చెయ్యి వెయ్యను. ఇది తీసేసి కొత్తగా రికార్డు చేస్తాం” అన్నాడు. మౌసు మీద చెయ్యి ఉంది. ఊఁ అంటే చాలు. ఆయన పరువు నిలుస్తుంది, పేస్‌మేకర్ తప్పుతుంది, అత్తయ్య కన్నీళ్ళు ఆగుతాయి. అందరం ఇంటికి పోయి టీ తాగుతాం, ఆ టీ నేను పెడతాను. తెర మీది ఆ గీత ఒక్కటే పోతుంది. ఇంకెప్పుడు వస్తుందో, వచ్చినప్పుడు వినే డబ్బా నా ఒంటి మీద ఉంటుందో లేదో. ఉండదు. నాకు తెలుసు, ఉండనివ్వరు.

నీళ్ళసీసా, ఫైలు ఆయన ఒళ్ళో పెట్టాను.

“తీగలు ఊడలేదు డాక్టరుగారూ. పొద్దున ఆయన పీకేసి ఆఫీసుకు వెళ్ళారు, నేను అంటించుకున్నాను. మధ్యాహ్నం ఆ వేళకు కాలేజీలో, వంగి, కింద పడ్డ టీ కప్పులు ఏరుతున్నాను.”

డాక్టరు తెరను చూశాడు, నన్ను చూశాడు, మౌసు మీదినుంచి చెయ్యి తీశాడు. “ఎన్నాళ్ళుగా వస్తోందమ్మా ఇది మీకు?” అని అడిగాడు.

ఆ ప్రశ్నకు జవాబు పెద్దది, నిలబడి చెప్పేది కాదు. ఆయన వైపు తిరిగాను. ఇంకా ఆ కుర్చీలోనే, నోరు తెరుచుకుని, ఒక చెయ్యి గొంతు మీద పెట్టుకుని కూర్చుని ఉన్నారు.

“కాస్త లేవండి” అన్నాను.